త్రీ వన్ ఎయిట్ లేదు

హన్మకొండ చౌరస్తా దాటినంక
గాజుల దుకాణానికి, గడియారాలు బాగుచేసే కొట్టుకు నడుమ
బోర్డు రంగు ఊడిన తుపాకుల షాపు.
ఇరవై రెండేండ్లుగా అందులో రిజిస్టరు రాసేది నేను.
ఇప్పటిదాకా ఒక్క ఘోడా నొక్కలేదు.
ఎవరి చేతికి ఏ తూటా పోయిందో మాత్రం
నా రాతను అడిగితే చెప్తది.

మొన్న కొత్తగూడ దిక్కు నుంచి ఒక పిలగాడు వచ్చిండు.
పాత దుప్పటి విప్పి తాత రైఫిలు బల్ల మీద పెట్టిండు.
నూనె తాగి తాగి నల్లబడ్డ కట్టె,
నాళంల చూస్తే ఇప్పటికీ అద్దం.
"తూటాలు కావాలె."

ముస్తఫీజ్ సాబ్ కండ్లద్దాలు నుదుటి మీదికి జరిపి
ఇనుము మీది అచ్చు చదివిండు.
చావు కబురు చెప్పే గొంతుతోని అన్నడు:
"త్రీ వన్ ఎయిట్ లేదు, బేటా.
నా మీసం నల్లగున్నప్పుడే ఆఖరి డబ్బా అమ్మిన.
ఎర్ర పసుపు డబ్బా. ఇంగ్లండుల చేసుడే బందు పెట్టిండ్రు."

"మంచిది కాదా మరి?"

"శానా మంచిది.
పాకాల అడవిల దున్నను ఒక్కదానితోని పండబెట్టేదట.
మంచిదైతే మాత్రం?"

అవును, మంచిదైతే మాత్రం?
పటాలం తూటా జనానికి వద్దని
తెల్లదొర ఒక గీత గీసిండు.
ఆ గీతకు ఇవతల మిగిలింది త్రీ వన్ ఫైవ్.
ఎక్కడో ఆస్ట్రియా సిపాయిలు వదిలేసిన కొలత.
దానికి దొరికింది ఒక సందు, అంతే.
సర్కారు ఫ్యాక్టరీ చేస్తదని మేం అమ్ముతం,
మేం అమ్ముతమని ఫ్యాక్టరీ చేస్తది.
గానుగెద్దు
తను తిరిగే బాట మంచిదా అని ఎన్నడన్న అడిగిందా?

పన్నెండు బోరుకు అసలు రందే లేదు.
బ్యాంకు ముంగట కునుకు తీసే గార్డు ఒళ్లో అదే,
మక్కచేనుల పందులను బెదిరించే కాపు మంచె మీదా అదే.

ఏటూరునాగారం అవతల భర్మారు పట్టిన కోయ తాతలకు
మా షాపుతోనే పని లేదు.
ఇంత మందు, ఇంత పీచు, సైకిలు చక్రంలోని గోళీలు.
కొలతే లేనిదానికి కాలం ఎట్ల చెల్లుతది?
పిట్టలదొర కొయ్య తుపాకికి అదీ అక్కర లేదు,
నోరుంటే చాలు.

త్రీ నాట్ త్రీ గురించి రాయొద్దనుకున్న.
మా పరకాల పక్కన, నా చిన్నతనంల,
ఠాణా గోడ మీదా అదే పేలేది, గుట్టల నడుమా అదే.
తెల్లారి చెలకల దొరికిన ఖాళీ గుల్లను
మా తమ్ముడు కొంరెల్లి పెదవికి ఆనిచ్చి ఊదిండు.
సన్నటి ఈల.
అమ్మ ఉరికొచ్చి గుంజుకుని బాయిల పారేసింది.
చెంప మీద ఒకటి కొట్టి
వాణ్ని పట్టుకుని ఏడ్చింది.
బాగ చలామణి ఉన్న తూటా అంటే ఏందో
నాకు రిజిస్టరు చెప్పలేదు, ఆ ఈల చెప్పింది.

పిలగాడు పోతూ పోతూ ఆగిండు.
జేబులోంచి తీసిండు, దారం చుట్టిన ఒక్క తూటా.
నాయనమ్మ పసుపుకొమ్ముల డబ్బాల దొరికిందట.
చిలుము పట్టి పచ్చగ ఉన్నది.

"కాలుస్తవా?" అన్న.
"లేదక్కా. ఇది కాలిస్తే
తుపాకి కూడ కట్టె అయితది గద."

రిజిస్టరుల దానికి గడి లేదు.
స్కేలు పెట్టి ఒకటి గీసిన.
అంకె వెయ్యబోతుంటే
గుమ్మంల ఇంకొకరు, చెప్పులు కూడ ఇడువకుండనే:
"త్రీ వన్ ఫైవ్, పది."

నా చెయ్యి చూడకుండనే అరలోకి పోయింది.